పీలమేడు చదరంగ సార్వభౌమునికి జేజేలు

బావగారి దివ్యసముఖానికి మదురై నుంచి బామ్మర్ది చేసుకునే విన్నపం.

విజయరంగ చొక్కనాథ నాయకుడు మదురై నాయకరాజుగా కొలువుదీరిన కాలంలో తెలుగు పొగడ్తకు కొదవ ఉండేది కాదు. రాజే స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంలో రాశాడు. ఆ కొలువులోనే సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు అహల్యా సంక్రందనం చెప్పాడు. 1736తో నాయకరాజుల ఏలుబడి ముగిసింది. అప్పటినుంచి మా వీధుల్లో తెలుగు పెళ్ళిమాటలకూ, కూరగాయల బేరానికీ, పిల్లల్ని కసరడానికీ పనికొస్తూ వచ్చింది గాని, ఒక చక్రవర్తిని నిలబెట్టి బిరుదులు చదవడానికి నోచుకోలేదు. చదువుదామంటే చక్రవర్తి ఏడీ? ఆ కరువు తీర్చడానికే కాబోలు తమరు కోయంబత్తూరు పీలమేడులో అవతరించి, మా అక్కను పరిణయమాడి, పంపుసెట్ల విడిభాగాల అంగట్లో గల్లాపెట్టె వెనక సింహాసనం వేసుకుని, కుడిచేతి బొటనవేలితో అరవై నాలుగు గళ్ళ సామ్రాజ్యాన్ని ఏలుతున్నారు. ఎండలో పడి వచ్చిన రైతు అరిగిపోయిన వాల్వు చేతబట్టుకుని ఎంతసేపు నిలబడినా తమరు తలెత్తరు. నడిమధ్య యుద్ధంలో ఉన్న రాజుకు ప్రజల మొర వినే తీరిక ఎక్కడిది!

తమ ఆట ఆరంభమే ఒక మహోత్సవం. పుస్తకాలు చదివి చెడిపోయిన అల్పప్రాణులు నడిమి బంటును నెట్టి, గుర్రాలను తీసి, శకటులకు దారి ఇచ్చి, రాజును ఓ మూల భద్రం చేసి, అప్పుడు గాని రాణిని కదపరు. అంతటి ఓపిక తమ వీరరక్తానికి పిరికితనంగా తోచడం సహజం. రాజు ముందరి బంటు రెండు గళ్ళు నడిచిందో లేదో, రెండో ఎత్తుకే తమ రాణి ఒక్కతే, చెలికత్తె లేకుండా, అంగరక్షకుడు లేకుండా, బోర్డు కుడి అంచుదాకా విజయయాత్రకు బయల్దేరుతుంది. మూడో ఎత్తుకు శకటు తోడు వస్తుంది. నాలుగో ఎత్తుకు శత్రురాజు పక్క బంటును కొట్టి ఆటకట్టించాలన్నది తమ గూఢవ్యూహం. ఈ గూఢవ్యూహం చదరంగం బడికి వెళ్ళే ప్రతి పిల్లకూ తెలుసు గనుక దాన్ని దాచుకునే శ్రమ కూడా తమరికి తప్పింది. ఎదుటివాడు గుర్రాన్ని తీసి, పక్క బంటును ఒక్క గడి జరుపుతాడు. తమ రాణి తప్పుకుంటుంది. రెండో గుర్రాన్ని తీస్తాడు, మళ్ళీ తప్పుకుంటుంది. శకటును తీస్తాడు, మరో మూలకు వెళ్తుంది. పది ఎత్తులు తిరిగేసరికి వాడి సేనంతా బారులు తీరి నిలబడి ఉంటుంది, తమ సేన పుట్టిన గళ్ళలోనే సుఖనిద్రలో ఉంటుంది. రాణి మంగమ్మ దక్షిణదేశమంతటా బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని మా ఊరు ఈనాటికీ చెప్పుకుంటుంది. తమ రాణి కీర్తి అంతకు తక్కువది కాదు. ఆమె తిరిగిన చోటల్లా శత్రుసేన బయటికి రావడానికి బాటలు పడతాయి.

నల్లపావులు వచ్చిన రోజున తమ ప్రతిభ మరో దారి పడుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ హెన్రీ బ్లాక్‌బర్న్ అని ఒక మహా ఆటగాడు (1841–1924) ఉండేవాడు. కొత్తవాళ్ళతో షిల్లింగు పందెం కట్టి గెలిచేవాడని చెప్పుకునే ఒక ఉచ్చు ఆయన పేరు మీద బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్‌గా నిలిచింది. మూడో ఎత్తుకే నల్లగుర్రం నట్టనడుమకు దూకి, ఈ బంటును తిని పొమ్మని ఎదుటివాణ్ణి పిలుస్తుంది. ఆశపడి తిని, ఆపైన కూడా ఆశపడుతూ పోయినవాడికి ఏడో ఎత్తున గుర్రంతోనే ఆటకట్టు. ఆశపడకుండా ఆ గుర్రాన్ని తన గుర్రంతో కొట్టుకున్నవాడికి హాయిగా పైచేయి. లోకం ఈ రెండో రకం వాళ్ళతో నిండిపోయిందని తమరికి నిత్యం ఋజువవుతున్నా తమరు దీక్ష విడవలేదు. ఏకపత్నీవ్రతం గురించి రామాయణంలో విన్నాం. ఏకోపాయవ్రతాన్ని తమ అంగట్లో కళ్ళారా చూశాం.

మదురైకీ ఒక బ్లాక్‌బర్న్ ఉన్నాడు, ఆయన కలెక్టరు. విశ్వనాథ నాయకుడి కాలపు కోటకు 72 బురుజులనీ, ఒక్కో బురుజును ఒక్కో పాలెగాడికి అప్పగించారనీ మా పెద్దలు చెబుతారు. ఊరు పెరగాలని ఈ కలెక్టరు 1840ల ప్రాంతంలో ఆ గోడలు పడగొట్టించి, కందకం పూడ్పించాడు. వాటి జాడ వెంబడే ఇవాళ్టి వెలివీధులు. తమరు ఆయనకంటే దూరదృష్టి గలవారు. పడగొట్టవలసి వచ్చే గోడను అసలు కట్టనే కట్టరు. క్యాజిలింగ్ అనే ఏర్పాటు ఆటలో ఉన్నదనీ, రాజు ఒక్క ఎత్తులో రెండు గళ్ళు జరిగి ఏనుగు అండకు చేరవచ్చనీ తమరికి తెలియక కాదు. రాజన్నవాడు నడివీధిలో నిలిచి దర్శనమివ్వాలన్నది తమ రాజనీతి. ఆ దర్శనానికి మొదట శత్రువు ఏనుగు వస్తుంది, వెనకాలే రెండో ఏనుగు వస్తుంది, చివర రాణి వస్తుంది. అందరికీ దర్శనం దొరుకుతుంది. ఆ తరవాత రాజుకు విశ్రాంతి.

దానగుణంలో తమరిని కర్ణుడితో పోల్చడం తమరికి అవమానం. ఆయన అడిగినవాడికి ఇచ్చాడు. తమరు అడగనివాడికి, ఆశించనివాడికి, పేరు తెలియనివాడికి, ఎక్కడో బ్రెజిల్లోనో పోలండులోనో తెల్లవారుజామున కూర్చున్నవాడికి నిండు రాణిని చేజేతులా సమర్పిస్తారు. అంతటి దానం అందుకోవడానికి వాడికే మనసొప్పక, ఇందులో ఏ మర్మం ఉందోనని అర నిమిషం తటపటాయిస్తాడు. ఆ అర నిమిషంలో తమ ముఖాన వెలిగే ధీమాను నేను చూశాను. కాపాబ్లాంకా వంటి చదరంగ మహామహుల చిత్రపటాల్లో కూడా అది కనిపించదు. వాడు తీసుకున్నాక గాని తమరికి ఇచ్చినట్టు తెలియదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. కుడిచేతికే తెలియని దానం తమరిది.

గుర్రం విషయంలో మాత్రం పరమేశ్వరుడు తమరికి పక్షపాతం చూపాడు. శత్రు రాజునూ ఏనుగునూ ఒక్క దూకుతో పట్టే ఫోర్క్ తమ కంటికి చటుక్కున చిక్కుతుంది, ఎంతటి గుంపులో దాక్కున్నా. మాలాంటివాళ్ళం అర్ధగంట చూసినా దొరకని ఎత్తది. అంతటి చూపున్న కన్ను ఆ గుర్రం మీదే, ఆ ఏనుగు మీదే విడవకుండా నిలిచిపోవడం ఏకాగ్రతకు పరాకాష్ఠ. బోర్డు మిగతా సగంలో శత్రురాణి తమ రాజు గుమ్మం ముందు నిలబడిందన్న చిన్న సంగతి ఆ ఏకాగ్రతను చెదరగొట్టలేదు. 2006 నవంబరులో బాన్ నగరంలో అప్పటి ప్రపంచ విజేత క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటరుతో ఆడుతూ, ఒక్క ఎత్తులో మీదపడే ఆటకట్టును చూసుకోలేదు. చదరంగ లోకం ఆ రోజును ఇంకా మరిచిపోలేదు. ప్రపంచ విజేతకు జీవితంలో ఒకసారి దక్కిన ఆ అనుభవాన్ని తమరు మధ్యాహ్న భోజనానికి ముందే రెండు మూడు మార్లు సంపాదిస్తారు. ఆయన పేరు ఎప్పుడు ఎత్తినా తమరు ఈ ఒక్క ఆటనే తలుచుకోవడంలో ఆశ్చర్యమేముంది!

కాలాన్ని తమరు వాడే పొదుపు మిల్లుల ఊరికే వన్నె. పది నిమిషాల ఆటలో ఆలోచన పేరిట ఒక్క నిమిషాన్ని కూడా దుబారా చేయరు. ఎదుటివాడు రెండు నిమిషాలు తల పట్టుకుని ఎత్తు వేస్తే, తమరు రెండు క్షణాల్లో జవాబిచ్చి, ఎనిమిది నిమిషాలు భద్రంగా బొడ్డున దోపుకుని ఓడిపోతారు. మిగిలిన ఆ ఎనిమిది నిమిషాలను ఏ బ్యాంకులో వేస్తున్నారో మా అక్కకు కూడా చెప్పలేదు. 2022 జూలై, ఆగస్టు నెలల్లో మామల్లపురంలో 44వ చదరంగ ఒలింపియాడ్ జరిగినప్పుడు ద్రోణవల్లి హారిక నిండునెలలతో బోర్డు ముందు కూర్చుని ఆడింది. హంపితో పాటు ఆమె ఉన్న మన ఆడపిల్లల జట్టు కాంస్యం తెచ్చింది. నిండునెలల మనిషి గంటల తరబడి ఒకే కుర్చీలో కూర్చుని ఒక్కో ఎత్తు గురించి అంతంతసేపు ఆలోచించడాన్ని తమరు టీవీలో చూసి, "ఇంతసేపు ఎందుకప్పా, ఏదో ఒకటి ఆడేయరాదా?" అన్నారు. ఆ మాటలో ఆమె ఆరోగ్యం పట్ల తమరికున్న ఆదరణ నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

ఒక్క నిమిషం ఆట, దొరబాబులు బుల్లెట్ అనేది, వచ్చినప్పుడు తమ పొదుపు శౌర్యంగా మారుతుంది. రాణి పోయి, ఏనుగులు పోయి, రాజు ఒంటి గుర్రంతో, ఒంటి బంటుతో మిగిలినా తమరు అర్థంలేని చెక్కులు చెబుతూ, ఎదుటివాడి గడియారం సున్నాకు చేరేదాకా వాణ్ణి పరిగెత్తిస్తారు. గెలిచే ఆట చేతిలో పట్టుకుని సమయం తీరి ఓడిన వాడికి తమరు వెంటనే "గుడ్ గేమ్" అని రాసి పంపుతారు. ఓడించినవాడికి మాత్రం ఎన్నడూ రాయరు. గెలిచినవాడి అహంకారం పెరగకూడదన్న హితబుద్ధి.

తమ అంతిమ యుద్ధాన్ని వర్ణించడానికి జైన మునులే రావాలి. మదురై చుట్టూ ఉన్న సమణర్ మలై వంటి కొండల్లో పూర్వం వాళ్ళు అహింసను బోధించారు. ఆ బోధ నేల మీద పారి, పీలమేడుదాకా వచ్చి, తమ ఆటలో ఫలించింది. శత్రువుకు రాజు ఒక్కడే మిగిలాడు. తమరికి రాణి ఉంది. ఎక్కడ నిలబెట్టినా పది ఎత్తుల్లో ఆటకట్టే దారి అందులో ఉంది. కాని ఒక్క రాణితో గెలవడం తమ వైభవానికి లోటు. ఇంకో బంటును రాణిని చేస్తారు. మరో బంటును కూడా చేస్తారు. ముగ్గురు రాణులూ ఏనుగూ ఆ ఒంటరి రాజును చుట్టుముట్టి, వాడికి చెక్ లేకుండా, కదలడానికి ఒక్క గడీ లేకుండా, అంతఃపురపు మర్యాద చేస్తారు. స్టేల్‌మేట్. చెరి అర పాయింటు. శత్రువుకు ప్రాణదానం, తమరికి సర్వసమత్వం. క్యూబా మహాశయుడు కాపాబ్లాంకా 1921లో రాసిన పాఠ్యపుస్తకాన్ని ఈ చిన్న చిన్న ఆటకట్లతోనే, ఒక్క ఏనుగుతో రాజును ఎలా కట్టాలన్న దానితోనే మొదలుపెట్టాడు. ఆ పుస్తకాన్ని నేను తమరికి ఒక దీపావళికి పంపాను. అది అంగట్లో చలువరాతి బల్ల కుంటకుండా కాలు కింద ఎంతో ఉపయోగపడుతోందని అక్క చెప్పింది. పుస్తకం ఆధారం అన్నమాట తమ ఇంట నిజమైంది.

సత్యసంధత గురించి రెండు మాటలు. తమరు ఇంతవరకు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. నెట్టు ఓడిపోయింది. మౌసు జారిపోయింది. ఫోను వేడెక్కింది. అక్క కాఫీ తెచ్చింది, అక్క కాఫీ తేలేదు. "నెట్టు నిలిచిపాయ బామ్మర్దీ, లేకుంటే వాని కత ముగిసిపోయుండు" అని తమరు చెప్పినప్పుడల్లా, ఆ నెట్టు తమరు గెలిచే ఆటల్లో ఎన్నడూ నిలిచిపోకపోవడం దాని స్వామిభక్తికి తార్కాణమని నేను లోలోపల నమస్కరిస్తుంటాను. ఇక తమరిని ఎదురుగా నిలిచి గెలిచినవాళ్ళందరూ పక్కన కంప్యూటరు పెట్టుకుని మోసం చేసినవాళ్ళే. తమ చేతిలో ఓడినవాళ్ళందరూ నిష్కపటులు. ఇంత సూటిగా మనుషుల శీలాన్ని తేల్చే ధర్మకాటా ఇంకెక్కడా లేదు. ఫిర్యాదు బటను అరిగిపోకుండా తయారుచేసిన ఇంజనీర్లకు తమ పక్షాన నా కృతజ్ఞతలు.

నీడామంగళం దగ్గర పూవనూరులో చతురంగ వల్లభనాథుడి గుడి ఉంది. రాజకుమారి రాజరాజేశ్వరిని చదరంగంలో గెలిచినవాడికే ఆమెనిస్తానని తండ్రి అంటే, శివుడే ముసలివాడి వేషంలో వచ్చి, కూర్చుని, ఆడి, గెలిచాడని స్థలపురాణం. ఓడిన ఆ పిల్ల ఓటమి ఒప్పుకుంది, మాట నిలబెట్టుకుంది. పాతకాలపు అమాయకత్వం! తమరైతే ఓడే ఆటలో రాజీనామా ఇవ్వకుండా, మరో ఎత్తూ వేయకుండా, గడియారం నడుస్తుండగా ఫోనును బోర్లా పెట్టి, వాల్వు తెచ్చిన రైతు వైపు తొలిసారి చల్లని చూపు చూసేవారు. ఆ రైతులకు తమ ఓటములే పండుగ రోజులు. శివుడు కూడా ఏడు నిమిషాలు ఎదురుచూసి విసిగి కైలాసానికి వెళ్ళిపోయేవాడు. పిల్ల పెళ్ళి తప్పిపోయేది. ఆట మాత్రం ఓడిపోయినట్టు ఉండేది కాదు.

2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేష్ డింగ్ లిరెన్‌ను 7.5–6.5తో ఓడించి పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయినప్పుడు ఆ విజయంలో తమ వాటా ఎంతో నాకు తెలుసు. మద్రాసులో పెరిగిన తెలుగింటి బిడ్డ గనుక "మనవాడే" అని తమరు అంగట్లో మిఠాయి పంచారు. పద్నాలుగో ఆటలో 55వ ఎత్తున డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులూ శకటులూ మారిపోతే మిగిలే బంట్ల ఆట గుకేష్ గెలుస్తాడు. గంటల తరబడి అలిసిన ఇద్దరు మనుషుల మధ్య పుట్టిన తప్పది. తెర పక్కన కంప్యూటరు లెక్క చూపే తెల్లగీత చప్పున నల్లబడగానే తమరు తొడ చరిచి, "నేను చెప్పలా!" అన్నారు. అంతవరకు తమరు ఏమీ చెప్పలేదన్నది నిజమే. కాని గీత చెప్పినదే తమరు చెప్పారు, గీత చెప్పిన వెంటనే చెప్పారు. గీతను ఇంత త్వరగా చదివినవారు అర్జునుడి తరవాత తమరే.

అర్జునుడంటే గుర్తొచ్చింది. వరంగల్లులో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే రేటింగు జాబితాలో 2801కి చేరాడు. ఆనంద్ తరవాత ఆ 2800 గడప దాటిన రెండో భారతీయుడు. చిన్నప్పటినుంచి ఒకే పేరు మీద ఆడుతూ, పడుతూ, లేస్తూ ఆ అంకెను అంగుళం అంగుళంగా పెంచుకున్నాడు. ఎంత కష్టం! తమ యోగమార్గం వేరు. లీచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో కొత్త ఖాతా తెరిచినవాడికి 1500 పాయింట్లు చేతికిచ్చి కూర్చోబెడతారు. అది పదకొండు వందలకు దిగగానే తమరు ఆ దేహాన్ని విడిచి, కొత్త పేరుతో, కొత్త చిత్రంతో, మళ్ళీ 1500తో జన్మిస్తారు. ఒక జన్మలో సింహం బొమ్మ, ఒక జన్మలో పులి బొమ్మ, ఈ జన్మలో డేగ. ఇలా ఎవరికీ తెలియకుండా పుడుతూ పోవడాన్ని అక్కడివాళ్ళు నియమోల్లంఘన అంటారు. దశావతారాలు తెలియని జాతి. అంకె మారకుండా ఆటగాడే మారిపోవడం మన పురాణాలకే చెల్లింది.

అన్నిటికంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపించే గుణం ఒకటుంది. దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. తమ ఊళ్ళో జి.డి. నాయుడుగారని ఒకాయన (1893–1974) ఉండేవాడు. కలంగల్ పల్లె, మన తెలుగు కుటుంబం. కుర్రతనంలో ఒక తెల్లదొర రడ్జ్ మోటారుసైకిలు మీద వస్తే చూసి, అదెలా నడుస్తుందా అని నిద్ర పట్టక, కోయంబత్తూరుకు వచ్చి హోటల్లో చేరి, పళ్ళాలు అందించి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొన్నాడు. కొని ఎక్కి తిరిగాడా? లేదు. మరను మర విప్పి, ముక్కను ముక్క విడదీసి, నేలమీద పరిచి, మళ్ళీ బిగించాడు. పాడైనదాన్ని విప్పి చూస్తే గాని మనిషికి పని రాదని ఆ కుర్రవాడి నమ్మకం. ఆ నమ్మకంతోనే తరవాత బస్సులు నడిపాడు, 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశాడు. తమ అంగట్లో అమ్ముడయ్యే ప్రతి వాషరూ, ప్రతి బుష్షూ ఆ కుర్రవాడి పాడు అలవాటుకు ఎక్కడో ఒకచోట చుట్టమే. రైతు పాడైన పంపు తెస్తే తమరు కూడా, అలవాటు చొప్పున, క్షణంలో విప్పి, అరిగిన ముక్కను వేలితో తడిమి, ఇదీ రోగమని చెప్పేస్తారు. తమ చేతిలో ఆ నేర్పు ఉన్నదని జిల్లా అంతా చెప్పుకుంటుంది.

కాని ఓడిన ఆటను మాత్రం తమరు ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఆట ముగియగానే, ఎక్కడ పాడైందో చూస్తారా అని తెర మీద ఒక బటను వస్తుంది. దాని పక్కనే మళ్ళీ ఆడతారా అని ఇంకో బటను వస్తుంది. తమ బొటనవేలు మొదటి బటను మీద వాలడం ఈ భూమి మీద పుట్టినవాడెవడూ చూడలేదు. మూడేళ్ళుగా అదే గుర్రం, అదే ఉచ్చు, అదే ఎత్తున ఎదుటివాడి అదే జవాబు, అదే ఓటమి. అయినా ప్రతిసారీ తమ కళ్ళల్లో తొలిసారి ఓడినవాడి ఆశ్చర్యం! నిన్నటి సంగతి నేటికి అంటనివ్వని ఈ నిత్యనూతనత్వం ఋషులకు తపస్సు చేస్తే వస్తుంది. తమరికి రీమ్యాచ్ నొక్కితే వచ్చింది. పంపుకు ఇచ్చే అయిదు నిమిషాలు ఆ ఆటకు ఇచ్చి ఉంటే, ఆ గుర్రపు చూపుతో తమరు ఈపాటికి ఎంత మామూలు మంచి ఆటగాడయి ఉండేవారో తలుచుకుంటే నాకు గుండె జల్లుమంటుంది. ఆ ఆపద తప్పించినందుకు పీలమేడు మారియమ్మకు పొంగలి పెట్టుకోవాలి.

పోయిన చిత్రై తిరునాళ్ళకు తమరు మదురై వేంచేసినప్పుడు నేను కళ్ళారా చూసింది కూడా ఇక్కడ చెప్పుకోకపోతే స్తోత్రం కుంటుతుంది. మీనాక్షి కల్యాణాన్నీ అళగర్ వైగైలో దిగే వేడుకనూ ఒక్క నెలలోకి కలిపింది తిరుమల నాయకుడే అంటారు. లక్షల జనం ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. బంగారు గుర్రం మీద స్వామి వస్తున్నాడు. ఊరు ఊరంతా "గోవిందా!" అని అరిచింది. తమరు అప్పుడు తలవంచి, తెరకు అరచెయ్యి అడ్డుపెట్టి, తమ చెక్కలేని గుర్రాన్ని కాపాడుకునే పనిలో ఉన్నారు. ఆ గుర్రం పోయింది. ఈ గుర్రం దాటిపోయింది. తమరు తలెత్తి, "అయిపోయిందా?" అన్నారు. రెండు గుర్రాలకూ సమానంగా వర్తించే ప్రశ్నను ఒక్కమాటలో అడగడం మహాకవుల శ్లేషకు కూడా అందదు.

కనుక, స్వస్తిశ్రీ సమస్త బిరుదాంకిత, ద్వితీయ ఎత్తు రాణీప్రస్థాన ధురంధర, ఏక షిల్లింగు వ్రతదీక్షిత, నిష్ప్రాకార నగరాధీశ్వర, అయాచిత రాణీదాన చింతామణి, త్రిరాణీ పరివేష్టిత శత్రుప్రాణ సంరక్షక, మూషిక స్ఖలన సాక్ష్యసంపన్న, అంతర్జాల విచ్ఛేద శరణాగత, పంచదశశత పునర్జన్మ పరంపరా ప్రతిష్ఠాపనాచార్య, పరాజయ పరిశీలనా పరాఙ్ముఖ, పీలమేడు పురవరాధీశ్వరా, జయ విజయీభవ! ఈ బిరుదులను పెయింటరుతో బోర్డు రాయించి అంగడి ముందు కట్టిస్తానని అక్కకు మాట ఇచ్చాను. పొడవు సరిపోకపోతే విడిభాగాల పేర్లు తీసేయమంది.

ఇంక ఒక్క కోరిక. మా అమ్మాయి, తమ మేనకోడలు, పదకొండేళ్ళది, కార్పొరేషను లైబ్రరీలో వారానికి రెండు రోజులు చదరంగం నేర్చుకుంటోంది. ఆ పిల్ల పట్టుకున్న దుర్గుణాలు చూస్తే కన్నతండ్రిగా నాకు నిద్ర రావడం లేదు. గుర్రాలను ముందు తీస్తుంది. ఎనిమిదో ఎత్తుకల్లా రాజును కోటలో పెడుతుంది. ఎత్తు వేయబోయే ముందు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది, అలా చేస్తే తొందర రాదట. ఓడిపోయిన రోజున ఆ ఆటను నోటుబుక్కులో రాసుకుని, ఎక్కడ తప్పిందో ఎర్ర ఇంకుతో గీతపెట్టి గాని భోజనానికి రాదు. ఓడించినవాడికి చెయ్యి కలుపుతుంది. ఇన్ని లోపాలున్న పిల్లను దిద్దే గురువు తమరు తప్ప మాకెవరున్నారు? వచ్చే ఆదివారం కోయంబత్తూరు బండికి రండి. మేడ మీద చాప వేయిస్తాను. బోర్డు చెక్కది, పావులు చెక్కవి. నెట్టు అక్కర్లేదు, మౌసు లేదు, ఎత్తు వెనక్కి తీసుకునే బటను లేదు, బోర్లా పెట్టడానికి ఫోను ఉండదు. గడియారం కూడా తీసేయించాను, తమరి పొదుపుకు పని ఉండదు. కాఫీ ఆట అయ్యాకే వస్తుంది. తెల్లపావులు తమరివే అని పిల్ల అప్పుడే చెప్పేసింది. "మామయ్య రెండో ఎత్తుకు ఏమి ఆడతాడో నాకు తెలుసు నాన్నా" అంటోంది.